సప్పుడు లేని గదిని కట్టిన మా జనార్దన్ బావ

గత మంగళవారం మధ్యాహ్నం సూరత్ బట్టల మార్కెట్లో ఒక బేరగాడి ముందు చీర కొంగు పరిచి, ఈ రంగును తాపీ నది మీద పడిన సంధ్యను వడకట్టి తీశారని అతణ్ని నమ్మిస్తూ ఉండగా నా ఫోను మోగింది. అవతల మా భారతక్క. "రమేశా, మీ బావ లేస్తలేడు రా" అన్నది. అంతే. కేక లేదు, ఏడుపు లేదు. ఆ రోజు దవాఖాన పనికి సెలవు పెట్టాను కదా అని కడుపునిండా తిని, కుర్చీలో ఒరిగి, కళ్లద్దాలు తీసి పొట్ట మీద పెట్టుకుని కునుకు తీసిన మనిషి ఛాయ్ వేళకు లేవలేదట. గుండె ఎప్పుడు ఆగిందో ఎవరికీ తెలియదు. దవాఖాన యంత్రాలకు సకాలంలో అరవడం నేర్పుతూ జీవితం గడిపిన మా బావ అడెపు జనార్దన్ గారు, తాను బయలుదేరేటప్పుడు పక్క గదిలో ఉన్న భార్యకు కూడా వినపడకుండా వెళ్లిపోయారు.

ఆ చీరను మడిచానో లేదో గుర్తులేదు. ఆటోలో ఉధ్నా దాటి భేస్తాన్ దాకా వెళ్లిన దారి కూడా సరిగ్గా గుర్తులేదు. రోడ్డుకు రెండు వైపులా సాంచెలు, అంటే మనం పొట్టకూటికి నమ్ముకున్న ఆ మరమగ్గాలు, ఎప్పటిలాగే మోగుతూ ఉండాలి. నాకు మాత్రం ఆ మోత నీళ్ల అడుగున ఉండి వింటున్నట్టు, ఎక్కడో దూరాన మరో ఊరిలో ఎవరో నేస్తున్నట్టు వినిపించింది. కలలో నడిచేవాడికి కాళ్లు నేలకు తగలవంటారే, అట్లా ఆ గల్లీలో దిగాను. కుర్చీలో బావ ఉన్నారు. మీసానికి వేసిన నల్లరంగు చెక్కుచెదరలేదు. చొక్కా మడత నలగలేదు. ఎవరో పిలిస్తే "ఏందిరా?" అని కసురుకుంటూ లేచేటట్టే ఉన్నారు. ఎవరూ పిలవలేదు.

మన తెలుగువాళ్ల సంఘం పత్రిక చదివేవాళ్లలో ఆయనను ఎరగనివారు తక్కువ. ఎరగనివారి కోసం చెప్పాలి. ఉధ్నాలోని ఒక ట్రస్టు దవాఖానలో రోగుల మంచాల పక్కన ఉండే యంత్రాలను చూసుకునే విభాగానికి ఆయన అధిపతి. గుండె గీతలు చూపే మానిటర్లు, మందును బొట్టుబొట్టుగా నరంలోకి తోసే పంపులు, ఊపిరి యంత్రాలు అన్నీ ఆయన అధీనంలోవే. ఏది ఎప్పుడు మోగాలి, ఎంత గట్టిగా మోగాలి, ఎవరి చెవిన పడాలి అన్నది ఆయన శాసనం. ఆయనకు వినయముండేదని రాశానంటే ఆయనే లేచి సరిదిద్దుతారు. ఇస్త్రీ చొక్కా, అత్తరు, అద్దంలా మెరిసే బూట్లు. దవాఖాన మెట్లు ఎక్కుతుంటే పెళ్లికొడుకు తరఫు పెద్దమనిషి విడిదిలోకి వస్తున్నట్టుండేది. "డాక్టర్లు మనుషులను చూసుకుంటరు, నేను డాక్టర్లు నిద్రపోకుంట చూసుకుంట" అని ఎవరు అడిగినా, అడగకపోయినా చెప్పేవారు.

ఆయన పుట్టుక గురించి మార్కెట్లో నేను ప్రచారంలో పెట్టిన కథ ఒకటుంది. సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చిన వాళ్లమ్మ రెండు సాంచెల నడుమ ఉయ్యాల కట్టిందని, ఆ మోతలో పుట్టిన పిల్లవాడు తొలి ఏడుపు ఏడిస్తే ఎవరికీ వినపడలేదని, అందుకని కోపం వచ్చి మూడో ఏడు దాకా మళ్లీ ఏడవలేదని. ఉయ్యాల మాట నిజం. మిగతాది నేను నేసింది. కానీ ఆ మోత ఆయన బాల్యమంతా ఆవరించి ఉండేదన్నది మాత్రం అక్షరసత్యం. అన్నం తింటే మోత, చదివితే మోత, నిద్రలో మోత. వారానికి ఒకరోజు కరెంటు సెలవు వచ్చి సాంచెలన్నీ ఆగినప్పుడు మేము తోటి పిల్లలమంతా వీధిలోకి ఆటకు ఉరికేవాళ్లం. ఆయన ఒక్కడే డాబా ఎక్కి వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకునేవాడు. ఒకసారి నేను కదిలిస్తే, "సప్పుడు చెయ్యకురా, గిది అయిపోతది" అన్నాడు. చేతిలో ఉన్న మిఠాయి అయిపోతుందన్నట్టు అన్నాడు. నిశ్శబ్దం ఆయనకు ఆజన్మాంతం ఒక రుచి.

అటువంటి మనిషి సదా మోగుతూ ఉండే చోట ఉద్యోగం చేయడం విధి చేసిన పరిహాసమని మేమంతా నవ్వేవాళ్లం. ఆయన నవ్వేవారు కాదు. మోతను లొంగదీయాలంటే దాని ఇంట్లోనే ఉండాలని ఆయన సిద్ధాంతం.

ఆయన పని తీరు ఒకసారి దగ్గరుండి చూశాను. పొద్దున్నే చిన్న పెట్టె ఒకటి చంకన పెట్టుకుని వార్డులోకి వచ్చేవారు. ఖాళీ మంచం దగ్గరి మానిటర్ తీగలను మనిషి ఒంటికి బదులు ఆ పెట్టెకు తగిలించేవారు. ఆ పెట్టెలో ఒక గుండె ఉంటుంది, నిజం గుండె కాదు, గుండెలా నటించే మీట. దాన్ని తిప్పితే గుండె పరుగెత్తుతుంది, తడబడుతుంది, ఆగుతుంది. ఆగగానే మానిటర్ అరవాలి. అరుపు నర్సుల బల్ల దాకా వినపడాలి. "నేను రోజూ పొద్దుగాల సచ్చి, నా సావును నేనే ఇని, ఛాయ్ తాగుత" అనేవారు. ఒక మానిటర్ అరుపు మూగగా వస్తే వెనక్కి తిప్పి చూశారు. దాని నోటికి ఎవరో దూది పెట్టి ప్లాస్టర్ అంటించారు. విసిగిపోయిన రోగి బంధువో, విసిగిపోయిన నర్సో. బావ ఎవరినీ అడగలేదు. ప్లాస్టర్ ఊడదీసి, దాన్ని అరచేతిలో పెట్టుకుని, "తప్పు గీ నోరు మూసినోళ్లది కాదు. గింతగనం ఊకెనే వాగిందంటే తప్పు మిషన్‌ది, అంటే నాది" అన్నారు.

ఇదే ఆయన శాస్త్రమంతా. ఊరికే మోగే మోతను ఆయన అబద్ధమనేవారు. రొమ్ముకు అంటించిన బిళ్ల ఎండిపోతే యంత్రం గుండె ఆగిందని కూస్తుంది. రోగి చేయి కదిపినా కూస్తుంది. పుట్టుకతోనే నెమ్మదిగా కొట్టుకునే గుండె గల ముసలాయనకు పడుచువాడి హద్దులు పెడితే రోజంతా కూస్తూనే ఉంటుంది. నర్సులు మొదట పరుగెడతారు, తరువాత నడుస్తారు, ఆపై తలెత్తరు. అప్పుడొకరోజు అది నిజం చెబుతుంది. అందుకని ఆయన రోజూ ఒళ్లు తుడిచి కొత్త బిళ్లలు అంటించమని నర్సుల వెంట పడేవారు. డాక్టర్ల చేత ఏ మనిషికి ఆ మనిషి హద్దులు పెట్టించేవారు. కొత్తగా చేరిన నర్సులకు పాఠం చెప్పేటప్పుడు నన్ను ఉదాహరణగా చూపేవారు. "మా బామ్మర్ది ఉన్నడు. వాని దుకాణం కాలిపోతున్నదని వాడు ఉరికొచ్చి చెప్పినా మా ఇంట్ల ఎవ్వరు లేవరు. ఛాయ్ పోస్తరు. నా మిషన్లు నా బామ్మర్ది లెక్క కావొద్దు." ఈ పాఠం నా ఎదుటే చెప్పేవారు. వాళ్లు నావైపు చూసి బుద్ధిగా తల ఊపేవారు.

ప్రతీకారంగా నేనొక కథ పుట్టించాను. బావ తాపీ ఒడ్డున ఛాయ్ తాగుతుండగా అవతలి గట్టున ఉన్న దవాఖానలో ఒక పంపు బ్యాటరీ దిగిపోతే, కప్పు కింద పెట్టి, "నాలుగో మంచం" అని లేచారని. ఆ కథ మార్కెట్ దాటి, ఉధ్నా దాటి, చివరికి ఆయన దగ్గరికే వచ్చింది. కోప్పడతారనుకున్నాను. "నాలుగో మంచం ఎందుకురా, ఏడో మంచం అను. అది కిటికీ దిక్కు, గాలికి జల్ది ఇనవడ్తది" అని సరిచేసి పంపించారు.

ఇక గది సంగతి.

దవాఖాన మొదటి అంతస్తులో వెనకవైపు, కిటికీలో నుంచి ఒక నిమ్మచెట్టు తల కనిపించే విశాలమైన గది ఉంది. గుండెపోటు గండం దాటి, ఇంకా ఇంటికి పంపడానికి వీల్లేని రోగులను అక్కడ ఉంచుతారు. పెద్ద డాక్టరు దేశాయి సాబ్‌ను ఎన్నాళ్లో బతిమాలి, వాదించి, అలిగి, బావ ఆ గదిని తన స్వప్నానికి అనుగుణంగా మార్చుకున్నారు. మంచాల పక్క యంత్రాలన్నీ మౌనం పాటించాలి. వాటి అరుపు గాజు తలుపు అవతల నర్సుల బల్ల దగ్గర మోగుతుంది, నర్సు జేబులోని ఫోనులో మోగుతుంది. మంచం మీద ఒక దీపం మాత్రం వెలుగుతుంది. అరుపు ఆగలేదు, చిరునామా మారింది. దేశాయి సాబ్ దగ్గరుండి పరీక్షించి సరేనన్నారు. బండ్ల చక్రాలకు రబ్బరు వేయించారు. ఫ్యాన్లకు నూనె పోయించారు. తలుపు మూసినా చప్పుడు కాకుండా అంచుకు మెత్తని గుడ్డ కొట్టించారు. ఆ గది నర్సు హంసాబెన్ గాజులు కూడా తీసేయమన్నారు. "జనార్దన్‌భాయ్, నేను విధవను కాను" అని ఆమె ఎదురు తిరిగితే ఊరుకున్నారు.

గది సిద్ధమైన మధ్యాహ్నం నన్ను తీసుకెళ్లారు. ఒక మూల నిలబెట్టి, "ఇను" అన్నారు.

"ఏం వినాలె బావా?"

"అదే."

విన్నాను. కిటికీ అవతల ఎండలోనే నిమ్మాకుల మీద చినుకు పడుతోంది. ఒక్కొక్క చినుకూ వేరువేరుగా వినిపించింది. మంచం మీద ఒక ముసలమ్మ ఊపిరి తీసి వదులుతోంది. తెరల మీద పచ్చని గీతలు చేపపిల్లల్లా వరుసగా ఈదుకుంటూ పోతున్నాయి, ఏ చప్పుడూ లేదు. ఎండ నేల మీద నీటిమడుగులా పరుచుకుని ఉంది. నేను ఈ భూమ్మీద మౌనంగా గడిపిన కాలం ఏదైనా ఉంటే ఆ మధ్యాహ్నం అక్కడ గడిపిందే. బావ కళ్లు మూసుకుని నిలబడ్డారు. ఆ ముఖంలో నాకు డాబా మీద వెల్లకిలా పడుకున్న పిల్లవాడు కనిపించాడు. ఆయన సూరత్ నగరం నడిబొడ్డున, ఇన్ని లక్షల సాంచెల మధ్య, కరెంటు సెలవును శాశ్వతంగా కట్టుకున్నారు.

కొద్ది రోజులకే మా పెద్దన్న సత్తయ్య సాంచె మీదే గుండె పట్టుకుని కూలిపోయాడు. మొదట అత్యవసర వార్డులో ఉంచారు. గుండె లయ ఇంకా కుదుటపడలేదు, పంపులో మందు పోతూనే ఉండాలి, కదలనివ్వకూడదని డాక్టర్లు చెప్పారు. మా సుగుణ వదిన మంచం పక్కనే కూర్చున్నది. ఆ వార్డులో నలుదిక్కులా యంత్రాలు మోగుతుంటే ఆమె ముఖంలో భయం లేదు. ఒకసారి అన్న పంపులో మందు అయిపోవచ్చి అది కూయసాగింది. నర్సు పరుగెత్తుకొచ్చి, "ఇంత మోగుతుంటే పిలవరేంటమ్మా?" అన్నది. వదిన తృప్తిగా, "మంచిగ నడుస్తున్నది గద సిస్టరూ, ఎందుకు పిలువాలె?" అన్నది. నేను నవ్వాను. బావ మాత్రం నవ్వలేదు. ఏదో ఆలోచించబోయి, ఎవరో పిలిస్తే వెళ్లిపోయారు. ఆ ఆలోచన ఆ రోజు పూర్తి అయి ఉంటే తరువాతి కథ ఉండేది కాదు.

అన్న కాస్త తేరుకోగానే బావ ముచ్చటపడి తన గదికి మార్పించారు, అదీ నిమ్మచెట్టు పక్క మంచానికే. వదిన లోపలికి అడుగుపెట్టి గుమ్మంలోనే ఆగిపోయింది. ఒక మంచం చూసింది, ఇంకో మంచం చూసింది. చేతిలోని ఫ్లాస్కు కింద పెట్టింది.

"ఏంది, మిషన్ ఆపేసిండ్రా?"

మనలో సాంచెల దగ్గర పనిచేసినవారికి ఆమె అడిగింది ఇంకెవరూ వివరించనక్కర్లేదు. పోగు తెగితే సాంచె ఆగుతుంది. మోగుతున్నంత సేపు బట్ట దిగుతున్నట్టు. మోత ఆగిందంటే ఏదో తెగింది, లేచి పోయి చూడాలి. మన ఆడవాళ్లు మోతలో హాయిగా నిద్రపోయి, మోత ఆగితే ఉలిక్కిపడి లేస్తారు. దవాఖానవాళ్లు అరుపుకు లేస్తారు, మనం ఆగినదానికి లేస్తాం.

నేను ముందుకు వెళ్లి, "వదినా, మిషన్ నడుస్తున్నది. సప్పుడు ఒక్కటే లేదు" అన్నాను.

"నువ్వు చెప్తే నమ్ముత? మొన్న పెండ్లిల తాపీల తిమింగలం వచ్చిందని పిల్లల ముంగట ప్రమాణం చేసినోనివి."

అక్క చెప్పింది. హంసాబెన్ తనకు వచ్చిన తెలుగులో, రాని తెలుగులో చెప్పింది. దేశాయి సాబ్ వచ్చి హిందీలో ఓపికగా, ఇప్పుడు కదిలిస్తే దారిలోనే గుండె మళ్లీ తడబడవచ్చు, ఆటోలో ఏ మందూ ఉండదు అని చేతులు జోడించి మరీ చెప్పారు. ఆయన చేతులు జోడించడంతోనే వదినకు రూఢి అయింది. "గింత పెద్ద సారు గింత మెత్తగ చెప్తున్నడంటే ఇగ ఆశ వదులుకున్నరు. మనకు చెప్తలేరు." ఊరవతల కామ్‌రేజ్‌లో ఒక దవాఖాన ఉందట, అక్కడ మిషన్లు బజారు దాకా వినపడతాయట, మా గల్లీలో ఎవరో చెప్పారు. ఆమె మూట కట్టేసింది. కింద ఆటో పిలిపించింది. తీసుకుపోతున్నామని సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమన్నది. ఇంతలో అన్న కళ్లు తెరిచి, ఆ ప్రశాంతతను కలయజూసి, నీరసంగా అడిగాడు.

"సుగుణా, సప్పుడు ఇనవడ్తలేదు. నేను సచ్చిపోయిన్నా?"

వదిన ఒక్కసారిగా ఏడ్చేసింది. ఆమె చేయి అప్పటికే అన్న భుజం కింద ఉంది, లేపడానికి.

అప్పుడు బావ వచ్చారు. తడిసిన గొడుగు చేతిలో అలాగే ఉంది. విషయం ఎవరూ చెప్పనవసరం లేకపోయింది, మూట కనిపిస్తోంది.

"చెల్లె, జర ఆగు. తెర మీద గీత చూడు. అది నడుస్తున్నది గద?"

"గీత టీవీల గూడ నడుస్తది అన్నా."

"సరే. నాడి పట్టుకో. పట్టుకో ముందు. ఆడుతున్నదా?"

వదిన పట్టుకుని చూసింది. "ఆడుతున్నది. మనిషి నడుస్తుండు. మిషనే నడుస్తలేదు. మిషన్ నడువకుంట మనిషి ఎంతసేపు నడుస్తడు అన్నా, నువ్వే చెప్పు?"

బావ చుట్టూ చూశారు. వాన వెలిసి నేల మీద పడిన ఎండమడుగు, నిద్రపోతున్న ముసలమ్మ, నూనె పోసిన ఫ్యాన్లు. బావ ఒక క్షణం ఆ గదిని ఎట్లా చూశారంటే, రైలు కదిలాక ప్లాట్‌ఫారం మీద మిగిలిన మనిషిని చూస్తామే, అట్లా. తరువాత గొడుగు గోడకు ఆనించి అన్న మానిటర్ దగ్గరికి వెళ్లారు. గుండె కొట్టుకున్నప్పుడల్లా 'టిక్' అనే చిన్న నాదం ఒకటి అందులో ఉంటుంది. దాన్ని ఆ గదిలో ఆయనే ఆపించారు. ఇప్పుడు ఆయనే మొదలుపెట్టారు.

టిక్. టిక్. నిమ్మాకు మీద చినుకంత.

"ఇనవడ్తుందా చెల్లె?"

"ఏది?"

సాంచెల మధ్య వయసు గడిచిన చెవులకు సన్నని స్వరాలు అందవు. బావ ఒక మెట్టు పెంచారు. వదిన తల అడ్డంగా ఊపింది. ఇంకో మెట్టు. నాకు స్పష్టంగా వినిపిస్తోంది, ముసలమ్మ అటు నుంచి ఇటు ఒత్తిగిలింది. వదినకు మాత్రం లేదు. "ఇంక జర గట్టిగ." పెంచారు. హంసాబెన్ గాజు తలుపు తోసుకుని వచ్చి నోరు తెరిచి నిలబడింది. పెంచారు. మెట్టు మెట్టుకూ ఆయన తన డాబాను తానే ఒక్కొక్క ఇటుకగా ఊడదీస్తున్నారు. ఆఖరి మెట్టు మీద, గదిలో అందరూ లేచి కూర్చున్నాక, వదిన ముఖం విప్పారింది.

"ఆఁ. గిప్పుడు నడుస్తున్నది."

మూట మీద కూర్చుని చెంగుతో ముఖం తుడుచుకుంది. అన్న, "సప్పుడు వచ్చిందా?" అని అడిగి, వచ్చిందనగానే నిద్రపోయాడు. ఆ నాదం పక్కనే, నోరు తెరుచుకుని, గుర్రు పెట్టి.

అంతటితో ఆగలేదు. పక్క మంచం ముసలమ్మ కొడుకు, అతనూ సాంచెలవాడే, చేయి ఎత్తాడు. "సారూ, మాది గూడ నడిపించుండ్రి. పొద్దటి సంది మాకు గూడ పరేశానే, అడుగుదమంటే శరమైతుండె." అవతలి మంచం వాళ్లూ అడిగారు. బావ మంచం మంచం దగ్గరికి వెళ్లి నాదాన్ని మొదలుపెట్టారు. ఒక్కొక్క గుండెదీ ఒక్కొక్క నడక. ఒకటి తొందర, ఒకటి బద్ధకం. సాయంకాలానికి ఆ గది చిన్న సాంచెల కార్ఖానాలా మోగుతోంది. కలలో లాగా ఉంది. మోత మధ్యన రోగులంతా సుఖంగా నిద్రపోతున్నారు, తెల్లచొక్కా మనిషి ఒకడు మెలకువగా నిలబడి ఉన్నాడు.

ఆ తరువాత బావ దవాఖాన మెట్ల మీద కూర్చున్నారు, బూట్లకు బురద అంటినా చూసుకోకుండా. నేను పక్కన కూర్చున్నాను.

"పేషెంట్ల కోసం కట్టిన అనుకున్న రా. నా కోసం కట్టుకున్న" అన్నారు. మళ్లీ, "నేను గూడ సాంచెల బిడ్డనే. ఒక్క తీరు గల్లీలల్ల పుట్టినం. సప్పుడు బందయితే నాకు సుఖం, ఆమెకు సావు. నా ఒక్కనికి మాత్రమే సుఖమని నాకెట్ల తెలవకపాయె?"

ఓదార్చబోయి, ఈ సంగతిని నా పద్ధతిలో నలుగురికీ చెబుతానని, ఆఖరి మెట్టుకు కిటికీ అద్దాలు పగిలాయని కలుపుతానని అన్నాను. "దీన్ని పెంచకు రమేశ్. ఉన్నదే పెద్దది" అన్నారు. అందుకే ఇక్కడ ఉన్నంతే రాశాను.

మరునాటి నుంచి ఇంకో చిక్కు వచ్చింది. నాదం కాస్త తేడా వచ్చినా వదిన హంసాబెన్‌ను పిలిచేది. అన్న దగ్గితే పిలుపు, ఆవులిస్తే పిలుపు. "జనార్దన్‌భాయ్, నా వార్డులో అన్నిటికంటే ఎక్కువ ఉత్తుత్తిగా మోగే మిషన్ ఈ బెన్" అని ఆమె మొర పెట్టుకుంది. బావ వదిన ఎదుట స్టూలు వేసుకుని కూర్చున్నారు. "చెల్లె, నీకు గూడ హద్దులు పెట్టాలె. సప్పుడు తొందర అయితే పదిమార్లు ఊపిరి పీల్చేదాక చూడు. తగ్గకుంటే పిలువు. సప్పుడు మంద్రంగ, బొంగురుగ దిగుతున్నదనుకో, ఊపిరి తగ్గుతున్నదన్నట్టు, అప్పుడు ఆగకు. ఆవులిస్తే ఆవులియ్యనియ్యి." వదిన శ్రద్ధగా విని, "మరి నువ్వు గీ ముచ్చట మొదలే చెప్తే అయిపోతుండె గదా, ఊకెనే అందరిని గాబర పెట్టినవు" అన్నది. బావ ఆ మాటను శిరసావహించారు. ఆ రోజు నుంచి ఆ గదిలోకి ఏ రోగి వచ్చినా, తీగలు తగిలించక ముందే బంధువులను కూర్చోబెట్టి, "మీకు సప్పుడు కావాల్నా, వద్దా? వద్దంటే ఎట్ల తెలుస్తది, కావాల్నంటే దేనికి పిలువాలె" అని వివరించడం ఆయన నియమమైంది. డాక్టర్లు, నర్సులు ఇప్పటికీ అదే పాటిస్తున్నారు. అలారం ఎంత గట్టిగా మోగాలో యంత్రం పుస్తకంలో ఉంటుంది, వినేవాడు ఎవరో అందులో ఉండదని ఆయన అనేవారు.

అన్న తన కాళ్ల మీద నడిచి ఇంటికి వచ్చాడు. బావ గది మాత్రం మళ్లీ ఏనాడూ పూర్తిగా మౌనం దాల్చలేదు. ఉధ్నా దవాఖానలో సాంచెల ఇంటివాళ్లు లేని రోజు ఏది? కనీసం ఒక మంచమైనా మోగుతూనే ఉండేది. బావ ఆ గదిలోకి వెళ్లినప్పుడల్లా ఒక క్షణం ఆగి వినేవారు. తరువాత తల ఊపి పనిలో పడేవారు. ఎవరి మీదా నేరం మోపలేదు. వదిన పండుగకు సకినాలు పంపిస్తే మాత్రం, "గివి నమిలితే గూడ గంత సప్పుడేందిరా" అని నావైపు చూసి విసుక్కునేవారు, ఒక్కటి కూడా మిగల్చకుండా.

బుధవారం పొద్దున ఆయనను తీసుకెళ్లాలి. మన గల్లీల్లో ఒక పద్ధతి ఉంది కదా, ఇంట్లో శవం ఉన్నంత సేపు ఆ వరసలో సాంచెలు ఆపుతారు. మా వరస ఆగింది. వెనక వరస మోగుతూనే ఉంది, దానికి ఈ చావుతో సంబంధం లేదు. సుగుణ వదిన చెంగు నడుముకు దోపి లేచింది. ఒక్కొక్క కార్ఖానా గుమ్మంలోకి వెళ్లి నిలబడింది. ఒక గుజరాతీ సేఠ్, "బెన్, అర్జెంటు మాలు ఉంది, మధ్యాహ్నం దాకా ఆగలేను" అన్నాడట. "ఆపినంక లేస్త" అని ఆమె గడప మీద బైఠాయించింది. కాసేపటికి ఆ మీట కూడా కిందికి దిగింది. తరువాత ఇంకో వరస. ఇంకోటి. దీన్ని నేను పెంచడం లేదు, భేస్తాన్‌లో ఉన్నవాళ్లను అడగండి.

మోత తెరలు తెరలుగా వెనక్కి జరిగి, చివరికి లేకుండా పోయింది. ఎవరి ఇంట్లోనో కుళాయి కారడం వినిపించింది. పావురం రెక్కలు విదిలించడం వినిపించింది. మా అక్క గాజులు ఒకదానికొకటి తగలడం వినిపించింది. గల్లీలోని చంటిపిల్లలంతా ఉలిక్కిపడి ఒక్కసారిగా ఏడవడం మొదలుపెట్టారు. తల్లులు కంగారుపడ్డారు. ఎవరో ముసలాయన, "ఒక్కటన్న నడిపియ్యుండ్రి, పిల్లలు ఊకుంటరు" అన్నాడు.

వదిన బావ తల దగ్గర కూర్చుని ఉంది.

"సంకకెత్తుకొని ఊకోబెట్టుకోండ్రి. నాకు గూడ గుబగుబ అయితున్నది. అయినా సాంచెలు నడువయి. అన్న ఇంటడు."

పిల్లలు ఒక్కొక్కరే ఊరుకున్నారు. ఆ తరువాత గల్లీ మీద కమ్మిన నిశ్శబ్దాన్ని వర్ణించడానికి నా దగ్గర అబద్ధం కూడా ఒక్కటి లేదు. పాడె లేచేదాకా ఎవరూ మాట్లాడలేదు. మా సత్తయ్యన్న ఒక కొమ్ము పట్టాడు, నేనొకటి.

దవాఖానలో ఆయన కుర్చీలోకి ఎవరో వస్తారు. మంచి చదువు చదివినవారే వస్తారు, యంత్రాలు ఏ లోటూ లేకుండా మోగుతాయి. కానీ జన్మంతా కన్న కలను నిజం చేసుకుని, దాన్ని ఒక మనిషి ప్రాణం కోసం, తనను నమ్మని ఒక ఇల్లాలి భయం కోసం, మెట్టు మెట్టుగా తన వేలితోనే చెరిపేసుకోగలవారు మళ్లీ మనకు ఎక్కడ దొరుకుతారు? చితి మీద ఉంచే ముందు ఆయన కుడిచేయిని కాసేపు నా చేతుల్లో పెట్టుకున్నాను. అత్తరు వాసన ఇంకా ఉంది. ఆ చేతికి మా ఇంటిల్లిపాదీ దండం.